నాడీ వికాస లోపాలు – రెండు భాషల ఇళ్లలో గుర్తించే తీరు

గర్భంలో ఉన్నప్పటి నుండి బాల్యం వరకు మెదడు ఎదిగే క్రమంలో ఏర్పడే తేడాల వలన మాట, నడవడి, చదువు, కదలికలలో కనిపించే ఇబ్బందులను నాడీ వికాస లోపాలు అంటారు. ఇవి అంటువ్యాధులు కావు. దృష్టిదోషం వలన గాని, తల్లి పెంపకం వలన గాని రావు. జన్యు కారణాలు, నెలలు నిండని కాన్పు, కాన్పు సమయంలో బిడ్డకు ప్రాణవాయువు అందకపోవడం వంటివి కొందరిలో కారణాలు కాగా, చాలామందిలో ఫలానా కారణమని చెప్పలేము.

ముఖ్యమైన రకాలు

ఆటిజం: పేరు పెట్టి పిలిచినా పలకకపోవడం, కళ్లలోకి చూడకపోవడం, కావలసిన వస్తువును వేలితో చూపకపోవడం, ఒకే పనిని పదేపదే చేయడం దీని లక్షణాలు. 1943లో అమెరికాలో వైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లలను పరిశీలించి దీనిని వర్ణించాడు.

ఎ.డి.హెచ్.డి.: వయసుకు మించిన చంచలత్వం, ఏకాగ్రత లేమి.

మేధో వైకల్యం: తెలివితేటలతో పాటు సొంత పనులు చేసుకునే నేర్పు కూడా వయసుకు తగినట్లు ఎదగకపోవడం.

నిర్దిష్ట అభ్యసన వైకల్యం: తెలివి ఉండీ చదవడం, వ్రాయడం, లెక్కలు చేయడం పట్టుబడకపోవడం.

రెండు భాషల వలన మాట ఆలస్యమవుతుందా?

ఇంట తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియాయో మరాఠీయో వినే బిడ్డకు మాటలు రాకపోతే, "రెండు భాషలు కదా, ఆలస్యమవుతుంది" అని పెద్దలు సరిపెట్టుకోవడం కద్దు. ఇది పొరపాటు. రెండు భాషలు వినడం నాడీ వికాస లోపాలకు కారణం కాదు. బిడ్డ పలికే మాటలను రెండు భాషలలోనూ కలిపి లెక్కించాలి. ఏడాది నిండినా చేతితో చూపడం, టాటా చెప్పడం వంటి సైగలు లేకపోయినా, 16 నెలలకు ఒక్క మాట రాకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలిపి పలకకపోయినా, వచ్చిన మాటలు ఏ వయసులోనైనా పోయినా వెంటనే వైద్యునికి చూపాలి.

దీనికి విరుద్ధమైన పొరపాటు కూడా జరుగుతుంది. ఇంట్లో తెలుగు చక్కగా మాట్లాడే బిడ్డ కొత్తగా చేరిన బడిలో కొన్ని నెలలు మౌనంగా ఉండవచ్చు. పోలికలు గల తెలుగు, కన్నడ అక్షరాలను కలగలిపి వ్రాయవచ్చు. ఇది లోపం కాదు, కొత్త భాష నేర్చుకునే దశ. ఇబ్బంది రెండు భాషలలోనూ కనిపిస్తేనే అనుమానించాలి.

నిర్ధారణ ఎలా చేస్తారు?

ఆటిజం, ఎ.డి.హెచ్.డి.లను ఒక్క రక్తపరీక్షతోనో స్కానింగుతోనో తేల్చలేరు. మాట రాని బిడ్డకు మొదట వినికిడి పరీక్ష చేస్తారు. థైరాయిడ్ లోపం, మూర్ఛ వంటివి ఉన్నాయేమో చూస్తారు. తరువాత బిడ్డ ఎదుగుదల చరిత్రను తల్లిదండ్రులను అడిగి తెలుసుకుంటారు, ఆటలో బిడ్డను గమనిస్తారు, ప్రామాణిక మాపనులతో అంచనా వేస్తారు. ఆటిజం తీవ్రతను కొలిచేందుకు 40 అంశాలతో భారతీయ మాపని ఉన్నది. ఎ.డి.హెచ్.డి. అనడానికి లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలై, కనీసం ఆరు నెలలు, ఇల్లు, బడి వంటి రెండు చోట్లయినా కనిపించాలి. మేధో వైకల్యాన్ని ఐ.క్యూ. అంకె ఒక్కదానితో నిర్ణయించరాదు.

పరీక్ష భాష ఇక్కడ కీలకం. బిడ్డకు రాని భాషలో ప్రశ్నలడిగితే మార్కులు తగ్గి, లేని వైకల్యం ఉన్నట్లు తేలవచ్చు. కనుక ఇంట్లో మాట్లాడేది తెలుగని ముందే చెప్పాలి. తెలుగు వచ్చిన నిపుణులను గాని, మాటలతో పని లేని పరీక్షలను గాని కోరాలి.

ఎక్కడికి వెళ్లాలి?

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలలో, ప్రభుత్వ బడులలో పిల్లలను ఉచితంగా పరీక్షించి, అవసరమైన వారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి (డి.ఇ.ఐ.సి.) పంపుతాయి. పెద్ద సంస్థలలో బెంగళూరు నిమ్హాన్స్, మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ, చెన్నై సమీపాన ముట్టుకాడులోని బహుళ వైకల్యాల జాతీయ సంస్థ, ముంబయిలోని అలీ యావర్ జంగ్ సంస్థ, సికింద్రాబాదులోని మేధో వైకల్యాల జాతీయ సంస్థ ముఖ్యమైనవి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం, మేధో వైకల్యం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఉన్నాయి. ధ్రువపత్రం ఉన్న విద్యార్థులకు బోర్డు నియమాలను బట్టి పరీక్షలో అదనపు సమయం, వ్రాసిపెట్టే సహాయకుడు, కొన్ని చోట్ల ఒక భాష నుండి మినహాయింపు లభిస్తాయి. మూడు భాషలు చదవవలసిన సరిహద్దు పిల్లలకు ఇది చిన్న ఊరట కాదు.

నిర్ధారణ అయిన తరువాత ఇంట్లో తెలుగు మానివేయవలసిన పని లేదు. ఆటిజం ఉన్న పిల్లలు సైతం రెండు భాషలు నేర్చుకోగలరు. తల్లి ఏ భాషలో ధారాళంగా మాట్లాడగలదో, జోలపాడగలదో ఆ భాషే బిడ్డకు మొదటి శిక్షణ. ఆ మాటల నడుమనే, ఆలస్యం చేయక, వైద్యుని సలహాతో శిక్షణ ఆరంభించడం మేలు.