సింగరేణి బొగ్గు నుంచి కోక్, బ్రికెట్ల తయారీ

నేలబొగ్గును గాలి తగలని బట్టీలో వేడిచేస్తే తారు, వాయువులు వెళ్ళిపోయి గట్టి ఇంధనం మిగులుతుంది. అదే కోక్. బ్లాస్ట్ ఫర్నేసుకు వాడే కోక్‌కు 1,000 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి కావాలి. 450-700 డిగ్రీల మధ్య తయారయ్యేది సెమీ కోక్. ఇది త్వరగా అంటుకుంటుంది, పొగ రాదు. పొడిగా రాలినదాన్ని తారుముద్ద, గంజి, చక్కెర మడ్డి వంటి జిగురుతో కలిపి అచ్చులో నొక్కితే బ్రికెట్ అవుతుంది.

ఇంగ్లండులో అబ్రహాం డార్బీ 1709లోనే కోక్‌తో ఇనుము కరిగించాడు. తెలుగునాట విలియం కింగ్ 1871లో ఇల్లందు పరిసరాల్లో బొగ్గును గుర్తించగా, 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ ఏర్పడింది. ఆ బొగ్గు చాలాకాలం రైలింజన్లకూ బాయిలర్లకూ పోయింది.

దాన్ని కోక్ చేయడంలో చిక్కుంది. కోకింగ్ బొగ్గు వేడికి మెత్తబడి, ఉబ్బి, ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడుతుంది. సింగరేణి బొగ్గుకు ఆ గుణం లేదు. బూడిద కూడా ఎక్కువే.

ఈ చిక్కును పట్టుదలగా ఎదుర్కొన్నది హైదరాబాద్ ప్రయోగశాల. 1944లో హైదరాబాద్ సంస్థానం నెలకొల్పిన కేంద్ర ప్రయోగశాలలు 1956లో సి.ఎస్.ఐ.ఆర్. కిందికి వచ్చి రీజనల్ రీసెర్చ్ లాబొరేటరీ అయ్యాయి (ఇప్పటి ఐ.ఐ.సి.టి.). డాక్టర్ సయ్యద్ హుసేన్ జహీర్ సారథ్యంలో అక్కడ బొగ్గు పరిశోధనకు పెద్దపీట వేశారు. జర్మనీ లుర్గీ సంస్థ స్పూల్‌గాస్ పద్ధతిలో రోజుకు 25 టన్నుల బొగ్గు పట్టే నమూనా బట్టీ పెట్టారు. ఇందులో వేడి వాయువు నేరుగా బొగ్గు పెళ్ళల మధ్య నుంచి సాగుతుంది. పెళ్ళలు అతుక్కుపోతే దారి మూసుకుపోతుంది కనుక, సింగరేణి బొగ్గు లోపమే ఇక్కడ అక్కరకొచ్చింది! పెళ్ళ ఆకారం చెడకుండా సెమీ కోక్‌గా దిగుతుంది. పైకి పోయిన ఆవిరిని చల్లారిస్తే తారు చేతికొస్తుంది. ఫినాల్, క్రెసాల్ వంటి రసాయనాలకు అదే ముడిసరుకు.

ఈ అనుభవంతోనే మంచిర్యాల దగ్గర నస్పూర్‌లో కోల్ కెమికల్ కాంప్లెక్స్ (సీసీసీ) వెలిసింది. అక్కడి పొగరాని వంట ఇంధనం ‘కోల్సి’ పేరుతో అమ్ముడైంది. పొయ్యిలో కట్టెల పొగకు కళ్ళు మండే ఇళ్ళకు అది మేలైన సరుకే. గ్యాస్ సిలిండర్లు పెరిగాక అలాంటి ఇంధనానికి గిరాకీ తగ్గింది. ఆ ప్రాంతాన్ని ఇప్పటికీ సీసీసీ అనే పిలుస్తారు.

ఇనుము దారి వేరైంది. పాల్వంచలోని స్పాంజ్ ఐరన్ ఇండియా 1980లో కోక్ ఊసెత్తకుండా, సింగరేణి బొగ్గుతోనే ఖనిజాన్ని స్పాంజ్ ఇనుముగా మార్చింది. విశాఖ ఉక్కు కర్మాగారం మాత్రం విదేశీ కోకింగ్ బొగ్గు మీద ఎక్కువగా ఆధారపడుతుంది. అక్కడి కోక్ బట్టీల వరుసలను బ్యాటరీలంటారు; ఒక్కో బ్యాటరీలో 7 మీటర్ల ఎత్తు బట్టీలు 67 ఉంటాయి. ఎర్రగా దిగిన కోక్‌ను నీళ్ళతో కాక నత్రజనితో చల్లార్చి, ఆ వేడితో ఆవిరి పుట్టించి కరెంటు తీస్తారు.