ఫ్రాంక్‌ఫర్ట్ గృహములో ఎనిమిది వత్సరములు

గొప్ప గ్రంథములు ఎట్లు పుట్టినవో చెప్పునప్పుడు మనము గ్రంథకర్తను గూర్చియు, ఆయన గురువులను గూర్చియు, ఆ కాలపు భావములను గూర్చియు ముచ్చటించుకొందుము. ఆయనకు అన్నము తినిపించినవారిని గూర్చి చెప్పుకొనుట అరుదు. సామాన్యముగా అట్టి అవసరము కలుగదు. కాని 1922 మొదలు 1929 వరకు జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున ఒక ఇంట జరిగిన సాహిత్యకృషిని వివరింపవలెనన్నచో, అన్నము తినిపించిన చేతిని విడిచి ఒక్క వాక్యమైనను చెప్పజాలము. ఆ ఇల్లు ఫ్రాంజ్ రోజెన్‌జ్వైగ్ అను యూదు తత్త్వవేత్తది. ఆ చేయి ఆయన భార్య ఎడిత్‌ది.

రోజెన్‌జ్వైగ్ 1886 డిసెంబరు 25వ తేదీన కాసెల్ నగరములో సంపన్నమైన యూదు కుటుంబమున జన్మించెను. చరిత్రను అభ్యసించి, హేగెల్ రాజనీతిపై పెద్ద గ్రంథము వ్రాసి పండితుల మన్నన పొందెను. మొదటి ప్రపంచయుద్ధమున మాసిడోనియా రంగములో సైనికుడుగా ఉండి, 1918లో తన ప్రధాన తత్త్వగ్రంథమును ఆరంభించెను. కందకముల నడుమ కాగితములు దాచుకొనుట కష్టము. అందుచేత వ్రాసిన దానిని వ్రాసినట్లు పోస్టుకార్డులమీద తల్లికి పంపుచు వచ్చెను. ఆ గ్రంథమే 1921లో వెలువడిన ‘విమోచన నక్షత్రము’. విశ్వవిద్యాలయమున ఉద్యోగము లభింపనున్నను ఆయన దానిని కాదని, 1920లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో వయోజనులైన యూదులకొరకు ఒక స్వేచ్ఛా విద్యాలయమును నెలకొల్పెను. పెద్దలు తాము మరచిన భాషను, మతగ్రంథములను మరల నేర్చుకొనుటకును, గురుశిష్యులు కలిసి చర్చించుటకును అది వేదిక. ఆ ఏడే ఎడిత్ హాన్‌ను వివాహమాడెను.

వివాహమై రెండేండ్లయినను నిండలేదు. 1921 చివర ఆయన అవయవములలో బలహీనత కనిపించెను. 1922 ఆరంభమున వైద్యులు వ్యాధిని నిర్ణయించిరి. ఆ వైద్యులలో రిచర్డ్ కోఖ్ ఆయన మిత్రుడు, వైద్యశాస్త్ర చరిత్రలో పండితుడు. వ్యాధి పేరు అమయోట్రోఫిక్ లాటరల్ స్క్లెరోసిస్. నేడు మోటార్ న్యూరాన్ వ్యాధి యనబడు వర్గములో ముఖ్యమైనది ఇదియే. రోగి యిక ఎక్కువ కాలము బ్రతుకడని వైద్యులు తలంచిరి. అప్పటికి ఎడిత్ గర్భవతి. ఆ సంవత్సరము సెప్టెంబరులో రాఫాయేల్ అను కుమారుడు కలిగెను. ఒక గదిలో శిశువు చేతులాడించుట నేర్చుకొనుచుండగా, మరియొక గదిలో తండ్రి చేతులు ఆ విద్యను మరచిపోవుచుండెను.

ఈ వ్యాధి స్వభావమును కొంచెము తెలిసికొనుట అవసరము. ఫ్రెంచి వైద్యుడు షార్కో 1869లో దీనిని స్పష్టముగా వర్ణించి, 1874లో పేరు పెట్టెను. మెదడునందును వెన్నుపామునందును ఉండి కండరములను ఆజ్ఞాపించు నాడీకణములు క్రమముగా నశించును. ఆజ్ఞ అందని కండరము సన్నగిల్లును. చేయి, కాలు, నాలుక, గొంతు ఒకదాని తరువాత ఒకటి లొంగిపోవును. తుదకు ఊపిరి తీయు కండరములు అలసిపోవును. చూపు, వినికిడి, స్పర్శ సామాన్యముగా చెడవు. కంటిని త్రిప్పు శక్తి చాలమందికి కడవరకు నిలుచును. కొందరిలో బుద్ధియు ప్రవర్తనయు మారుట కలదు గాని, పలువురి బుద్ధి తేటగానే యుండును. రోజెన్‌జ్వైగ్ బుద్ధికి లోపము రాలేదు. అన్నియు తెలియుచుండును, చెప్పుటకు సాధనము ఉండదు. ఈ వ్యాధిలోని కాఠిన్యమంతయు అందులోనే యున్నది.

1922 చివరికి ఆయన చేతితో వ్రాయలేకపోయెను. 1923 వసంతము గడచుసరికి మాట పోయెను. జర్మనీలో నాణెము విలువ కూలిపోయిన సంవత్సరము కూడ అదియే. ఆ నవంబరులో ఒక అమెరికా డాలరునకు 4 లక్షల 20 వేల కోట్ల మార్కులు చెల్లింపవలసివచ్చెను. అట్టి కాలమున రోగితో, పసిబిడ్డతో ఇల్లు నడుపుట ఎట్టిదో ఊహించుకొనవచ్చును. ఈ వ్యాధికి ఆనాడు మందు లేదు. ఇంట నుంచుకొనదగిన శ్వాసయంత్రములును లేవు. షూమాన్ వీధిలోని మేడపై వాటాయే ఆయనకు చికిత్సాలయము, పఠనమందిరము, ప్రార్థనాలయము అయ్యెను.

వ్రాతకొరకు 1923లో ఒక ప్రత్యేకమైన టైపుమిషను తెచ్చిరి. సాధారణపు మిషనులవలె దీనిలో అక్షరమునకొక మీట యుండదు. అక్షరములన్నియు ఒక పలకపై ముద్రింపబడి యుండును. ఒక సూచికను కావలసిన అక్షరముమీదికి త్రిప్పి, ఒకే మీటను నొక్కినచో ఆ అక్షరము కాగితముపై పడును. మొదట ఆయన సూచికను తానే కదల్చుచుండెను. శక్తి తగ్గిన కొలది చేతిని ఒక పట్టెలో వ్రేలాడదీసి ఆసరా యిచ్చిరి. ఆయన అక్షరమును సూచించును. ఎడిత్ మీట నొక్కును. కొంతకాలమునకు ఆ కదలికయు పోయెను. అప్పుడు ఎడిత్ వర్ణమాలను వరుసగా చదువుచుండగా, కావలసిన అక్షరము రాగానే ఆయన కంటితో సైగ చేయుచుండెను. ఒకటి రెండక్షరములు తెలియగానే ఆమె మాటను ఊహించి చెప్పును. సరియైనచో ముందుకు సాగుదురు, కాదన్నచో మరల మొదలు పెట్టుదురు.

ఈ పద్ధతిని గూర్చి ఒక నిమిషము ఆగి ఆలోచింపవలెను. ఊహించుట సేవయే, సందేహము లేదు. ఊహింపకున్నచో ఒక ఉత్తరమునకు ఒక దినము పట్టును. కాని రోగి నోట తన మాటను పెట్టుట కూడ ఇక్కడ ఎంతో సులభము. అలసినవాడు ‘కాదు’ అనుటకు ఓపిక లేక ఒప్పుకొనవచ్చును. తత్త్వవేత్త ఉద్దేశించిన పదము మారిపోవచ్చును. ఆ గదిలో జరిగిన వ్రాతకు విలువ నిచ్చినది ఎడిత్ ఊహాశక్తి మాత్రమే కాదు. తన ఊహను వెనుకకు తీసికొని, ఆయన కన్ను మరల కదలువరకు కాచుకొనిన ఓర్పు అంతకంటె గొప్పది.

దినచర్య యంతయు ఇట్టి ఓర్పుతోనే నడచెను. నర్సు సాయమున లేపి, శుభ్రపరచి, బట్టలు తొడిగి కూర్చుండబెట్టుటకే ఉదయములో చాలభాగము గడచిపోయెడిది. మ్రింగుట కష్టము గనుక భోజనము మెల్లమెల్లగా సాగవలెను. చదువునప్పుడు పుస్తకము ఎదుట నిలిపి మరియొకరు పుట త్రిప్పవలెను. ఆ తరువాత ఉత్తరములు, వ్యాసములు, మిత్రుల రాక. యూదుల సంప్రదాయమున సామూహిక ప్రార్థనకు పదిమంది పురుషులు కూడవలెను. ఆయన ప్రార్థనాలయమునకు పోజాలనందున మిత్రులే విశ్రాంతి దినములందును పండుగలందును ఆ యింట చేరి ప్రార్థన జరిపిరి. ఎడిత్ ఒంటరిగా ఈ భారమును మోయలేదనుట గమనింపదగిన విషయము. నర్సు, వైద్యుడు, విద్యాలయమిత్రులు తలకొక చేయి వేసిరి. అట్లయినను రాత్రింబవళ్లు ఆయన కంటిభాషను చదివినది ముఖ్యముగా ఆమెయే.

ఈ స్థితిలో ఆయన చేసిన పని ఎంతో విస్తారమైనది. పండ్రెండవ శతాబ్దమునకు చెందిన స్పెయిను దేశపు హీబ్రూ కవి యెహూదా హలేవీ కవితలను జర్మనులోనికి అనువదించి, 1924లో 60 కవితలతోను, 1927లో 92 కవితలతోను వ్యాఖ్యానసహితముగా ప్రకటించెను. 1925లో లాంబెర్ట్ ష్నైడర్ అను యువ ప్రకాశకుడు హీబ్రూ బైబిలును క్రొత్తగా జర్మనులోనికి తెమ్మని మార్టిన్ బూబెర్‌ను కోరగా, రోజెన్‌జ్వైగ్ తోడ్పడినచో చేయుదునని బూబెర్ ఒప్పుకొనెను. బూబెర్ చిత్తుప్రతి వ్రాసి పంపును. రోజెన్‌జ్వైగ్ దానిని పంక్తి పంక్తికి పరిశీలించి తన విమర్శలను తెలుపును. వారమునకొకసారి బూబెర్ స్వయముగా వచ్చి చర్చించును. ఒక్కొక్క పదముపై వారు చేసిన వాదములన్నియు ఎడిత్ చదివిన వర్ణమాల గుండా నడచినవే.

రేడియోగల యిండ్లవారికి ప్రత్యేకముగా ముచ్చట గొలుపు విషయము మరియొకటి కలదు. ఆయనకు సంగీతమన్న మిక్కిలి ప్రీతి. కచేరీలకు పోవు భాగ్యము పోయిన పిమ్మట గ్రామఫోను ఆ లోటు తీర్చెను. కేవలము విని ఆనందించుటతో ఊరకుండక, 1928, 1929 సంవత్సరములలో కాసెల్ నగరపు దినపత్రికకు క్రొత్త గ్రామఫోను రికార్డులపై విమర్శలు వ్రాసెను. వినువారి యింటికి సంగీతమును చేర్చు యంత్రము ఎందరికో వినోదమైనది. ఆ గదిలో అది బయటి లోకపు ద్వారమైనది.

1929 డిసెంబరు 9వ తేదీన ఆయన బూబెర్‌కు ఒక ఉత్తరము చెప్పి వ్రాయించుచుండెను. నిద్రలో తనకు స్ఫురించిన ఒక ముఖ్యవిషయమును చెప్పబోవుచు వాక్యమును ఆరంభించెను. ఇంతలో వైద్యుడు వచ్చుటచే అది ఆగిపోయెను. ఆ వాక్యము మరల సాగలేదు. మరునాడు, 43 ఏండ్లు నిండుటకు రెండు వారములు ముందుగా, ఆయన ప్రాణము విడిచెను. అప్పటికి అనువాదము యెషయా గ్రంథములో సేవకుని బాధలను వర్ణించు 53వ అధ్యాయము వరకు వచ్చియుండెను. బూబెర్ ఒంటరిగా ఆ కృషిని కొనసాగించి 1961లో యెరూషలేములో పూర్తిచేసెను. ఎడిత్ తన వంతు పనిని మరియొక విధముగా నెరవేర్చెను. నాజీల పాలనలో, 1935లో, ఎర్నస్ట్ జీమోన్ సహాయముతో భర్త ఉత్తరములను ఏర్చికూర్చి బెర్లినులో ప్రకటించెను. ఆ సంపుటములోని కడపటి యేండ్ల ఉత్తరములలో ఆమె చేతిగుండా రానిది లేదు. ముఖపత్రముపై ఆమె పేరు సంపాదకురాలిగా మాత్రమే యున్నది.

ఈ వ్యాధి మనకు దూరదేశపు కథ కాదు. యౌవనముననే ఆరంభమై, వినికిడిని కూడ తగ్గించి, మెల్లగా సాగు ఒక రూపమును మద్రాసు వైద్యులు 1970లో వర్ణించిరి. దానికి ‘మద్రాసు మోటార్ న్యూరాన్ వ్యాధి’ యని పేరు వచ్చెను. తమిళ, కన్నడ దేశములందే కాక తెలుగు ప్రాంతమునను అట్టి రోగులు కనిపించిరి. సాధనములు మాత్రము చాల మారినవి. వ్యాధి వేగమును కొంత తగ్గించు రిలుజోల్ అను మందు 1995లో అమెరికాలో ఆమోదము పొందెను. ఊపిరికి తోడ్పడు చిన్న యంత్రములు, కడుపులోనికి నేరుగా ఆహారము పంపు గొట్టములు, కంటిచూపు ననుసరించి అక్షరములు కూర్చు కంప్యూటర్లు వచ్చినవి. 1963లో వ్యాధి బయటపడిన భౌతిక శాస్త్రజ్ఞుడు స్టీఫెన్ హాకింగ్ 2018 వరకు జీవించుట అపూర్వము. పలువురికి వ్యాధి కనిపించిన పిమ్మట రెండు నుండి ఐదేండ్లే మిగులును. పూర్తిగా నయము చేయు మందు ఇంకను లేదు. కనుక భారములో పెద్దపాలు నేటికిని ఇంటివారిదే.

మన యిండ్లలో రోగికి కావలసిన అన్నము, మందు, శుభ్రత చూచువారు పెక్కుమంది యున్నారు. మాట పోయినవానిని ప్రక్కన నుంచుకొనియే అతనిని గూర్చి నిర్ణయములు చేయుట కూడ మన యిండ్లలో జరుగుచున్నదే. ప్రేమచేతనే చేయుదుము, అతడు అలసిపోవునని చేయుదుము. ఫ్రాంక్‌ఫర్ట్ గృహమున అట్లు జరుగలేదు. అక్కడ రోగి ఎనిమిదేండ్లు గృహయజమానిగా, భర్తగా, తండ్రిగా, పండితుడుగానే యుండెను. ఆయన ‘కాదు’ అనుటకు కావలసిన కాలమును ఇంటివారు ఆయనకు ఇచ్చిరి. శరీరమునకు చేయు సేవ ప్రాణమును నిలుపును. మాట పూర్తియగువరకు కాచుకొనుట మనుష్యుని నిలుపును. ఈ రెండవ సేవకు ఖరీదైన యంత్రమేదియు అక్కరలేదు. ఇంటిలో ఒకరు కాకున్న మరియొకరు ప్రక్కన కూర్చుండి, తొందరపడక, అక్షరములు చదువుచు పోయిన చాలును.