కొట్లాట కేసులు – మాఫీ చేసే హక్కు ఎవరిది?

కుళాయి దగ్గర మాటా మాటా పెరుగుతుంది. ఒకరు చెయ్యెత్తుతారు, ఇంకొకరికి దెబ్బ తగులుతుంది. సాయంత్రానికి ఇరువైపుల పెద్దలూ మా దగ్గరికి వచ్చి, "రాజీ చేసుకుంటే కేసు పోతుంది కదండీ?" అని అడుగుతారు. కొన్నిసార్లు పోతుంది, కొన్నిసార్లు పోదు. ఎందుకో తెలియాలంటే కొంచెం చరిత్ర చూడాలి.

నేరం మోపబడినవాణ్ణి మనం 'ముద్దాయి' అంటున్నాము. అరబీలో ఆ మాటకు ఫిర్యాదుదారు అని అర్థం. తెలుగు కోర్టుల్లోకి వచ్చేసరికి అది తలకిందులైంది. మాఫీ చేసే హక్కు కూడా ఇలాగే చేతులు మారింది.

మొగలుల కాలపు ఫౌజుదారీ న్యాయానికి ఇస్లామీయ ధర్మశాస్త్రం ఆధారం. అందులో గాయం ముఖ్యంగా గాయపడినవాని హక్కు. అతడు కిసాస్, అనగా సమానమైన ప్రతీకారం కోరవచ్చు, పరిహారం పుచ్చుకోవచ్చు, లేదా మాఫ్ చేయవచ్చు. కంపెనీ ప్రభుత్వం వచ్చాక కూడా ఈ చట్టమే చాలాకాలం నడిచింది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1802 రెగ్యులేషన్ల కింద పెట్టిన ఫౌజుదారీ కోర్టుల్లో ముస్లిం న్యాయాధికారులు ఫత్వా ఇచ్చేవారు. అంటే ఉత్తర సర్కారుల రైతు కేసుకైనా ఫత్వా కావలసిందే! అయితే కంపెనీవారు దానిని ఉన్నదున్నట్టు ఉంచలేదు. బెంగాలులో 1791లో అంగచ్ఛేద శిక్షలు తీసేసి ఖైదు పెట్టారు. హత్య కేసుల్లో వారసుల మాఫీకి విలువ లేకుండా చేశారు. నేరం మనిషికి కాక సర్కారుకు జరిగినట్టయింది.

మెకాలే కమిషన్ 1837లో చిత్తు తయారు చేయగా, భారత శిక్షాస్మృతి 1860లో ఆమోదం పొంది 1862 జనవరి 1న అమలుకు వచ్చింది. నిజాం రాజ్యానికి వేరే చట్టం ఉండేది; అక్కడికి ఇది 1951లో వచ్చింది. 2024 జూలై 1 నుంచి దీని స్థానంలో భారతీయ న్యాయ సంహిత నడుస్తున్నది.

పేరు మారినా మెట్లు అవే. కొడతాడేమోనని ఎదుటివాడు భయపడేలా చెయ్యెత్తితే చాలు, తాకకపోయినా నేరమే (130వ సెక్షన్). ఒట్టి మాటలు మాత్రం దీని కిందికి రావు. నొప్పి కలిగితే గాయమే, రక్తం రానక్కరలేదు. దానికి ఏడాది వరకు ఖైదు, లేదా జుర్మానా, లేదా రెండూ. పాత చట్టంలో వెయ్యి రూపాయలున్న జుర్మానా ఇప్పుడు పదివేల వరకు పెరిగింది. ఎముక విరిగినా, పన్ను ఊడినా అది తీవ్ర గాయం. ఏడేళ్ళ వరకు ఖైదు. మామూలు పనులు చేసుకోలేని స్థితి ఇదివరకు 20 రోజులుంటే తీవ్ర గాయమనేవారు, ఇప్పుడు 15 రోజులు చాలు. అందుకే డాక్టరు సర్టిఫికెట్టులోని ఒక్క మాటతో కేసు మారిపోతుంది.

ఇక రాజీ సంగతి. చిన్న గాయానికి పాత హక్కు కొంత మిగిలే ఉంది. కాని మాఫీ చేయవలసింది దెబ్బ తిన్నవారే. పెద్దలు కారు, జమాత్ కాదు. దెబ్బ తిన్నది ఆడపడుచైతే ఆమె ఒప్పుకోవాలి. ఆమె బదులు అన్నదమ్ములు తలూపితే చెల్లదు. కత్తితో తీవ్ర గాయం చేస్తే దెబ్బ తిన్నవారు క్షమించినా అంతటితో కేసు ఆగదు.

కనుక రాజీకి కూర్చునే ముందు పెద్దలు రెండు సంగతులు కనుక్కోవాలి: గాయం ఏపాటిది? దెబ్బ తిన్నవారు మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారా? ఆ తరువాతే సంతకాలు.