పటాన్‌చెరు వాగులలో యాంటీబయాటిక్: చట్టం కొలవని మందు

సిప్రోఫ్లాక్ససిన్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. ఒకప్పుడు టైఫాయిడ్‌కు మేము ధైర్యంగా రాసిన మందు అది. నేను పదవీ విరమణ చేసేనాటికి అనేకమంది రోగులలో అది పనిచేయడం మానేసింది. కారణాలు ఎన్నో, మా వైద్యులు విచ్చలవిడిగా రాసిన చీటీలు కూడా అందులో ఉన్నాయి. అయితే ఇదే మందు మన వాగులలోనూ పారింది. చట్టాలు ఉండగానే పారింది.

1974లో పార్లమెంటు జల కాలుష్య నివారణ చట్టం చేసింది. 1976లో మన రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఏర్పడింది. మండలి వద్ద ‘కన్సెంట్’ అనే అనుమతి పొందకుండా పరిశ్రమలు వ్యర్థజలాన్ని వదలరాదు. కాని కర్మాగారాన్ని మూయించే, కరెంటు ఆపించే అధికారం 1988 సవరణతో గాని మండలికి రాలేదు. ఈలోగా పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాలలో మందుల ముడిసరుకు కర్మాగారాలు విస్తరించాయి. ఇసకవాగు, నక్కవాగు చెడిపోయాయి. ఆ నీరు చేరేది మంజీరకు. అక్కడే వైద్యం చేస్తూ డాక్టర్ కిషన్‌రావు దశాబ్దాల పాటు పోరాడారు. 1990లో వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరింది. పంటలు పోయిన రైతులకు కొంత పరిహారం దక్కింది.

మరొక సాధనం ఉమ్మడి శుద్ధి కేంద్రం. చిన్న కర్మాగారం ఒంటరిగా శుద్ధి ఖర్చు భరించలేదు గనుక అందరూ కలిసి భరించాలన్నది ఆలోచన. అది తప్పు కాదు. సుమారు 90 కర్మాగారాల వ్యర్థజలం అక్కడికి చేరేది. స్వీడన్‌కు చెందిన లార్సన్ బృందం, ఆ కేంద్రం శుద్ధి చేసి వదిలిన నీటిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది: లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్ససిన్. అంటే పదహారు లీటర్ల నీటిలో ఒక 500 మిల్లీగ్రాముల మాత్ర! మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత గాఢత ఉండదు. రోజుకు 45 కిలోల మందు అలా పోతున్నదని వారి లెక్క. అంత మందులో బతికి బయటపడిన సూక్ష్మక్రిమికి మన మోతాదు ఒక లెక్కా?

అధికారులు కొలిచే జాబితాలో ఆమ్లత్వం, బీఓడీ, సీఓడీ వంటివి ఉన్నాయి; యాంటీబయాటిక్ లేదు. ఆ అంకెలన్నీ సరిపోయినా నీటిలో మందు ఉండవచ్చు. తరువాత ఆ నీటిని గొట్టం ద్వారా అంబర్‌పేటకు, అక్కడి నుండి మూసీకి మళ్లించారు. పటాన్‌చెరు రైతుకు ఊరట, మూసీ దిగువ రైతుకు బెంగ.

2020 జనవరిలో కేంద్రం 121 యాంటీబయాటిక్‌లకు పరిమితులు ప్రతిపాదిస్తూ ముసాయిదా విడుదల చేసింది. ఒక వైద్యునిగా నేను చాలా సంతోషించాను. 2021 ఆగస్టులో వెలువడిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు. అయినా కేంద్ర ప్రమాణాలకన్నా కఠినమైన షరతును కన్సెంట్ పత్రంలో రాసే అధికారం రాష్ట్ర మండలికి ఉంది.