కలయిక అనే దీవి

మడగాస్కర్‌కి తూర్పున మ్యాప్‌ని బాగా జూమ్ చేస్తే కనిపిస్తుంది రీయూనియన్. 2,512 చదరపు కిలోమీటర్ల అగ్నిపర్వత దీవి. ఉన్నది హిందూ మహాసముద్రంలో, చెల్లేది యూరో. 1946 నుంచి ఫ్రాన్సు దృష్టిలో అది వలస కాదు, తమ జిల్లాల్లో ఒకటి.

ఫ్రెంచివాళ్ళు 1649లో దీనికి తమ రాజవంశం పేరే పెట్టారు: బూర్బన్. 1793 జనవరిలో పారిస్‌లో రాజు తల తెగింది, మార్చికల్లా ఇక్కడ పేరు రీయూనియన్ అయింది. 1806లో బొనపార్త్ దీవి. 1810లో ఇంగ్లీషువాళ్ళు పట్టుకున్నారు, బొనపార్త్ పేరు వాళ్ళెందుకు ఉంచుతారు? మళ్ళీ బూర్బన్. 1848లో మరో విప్లవం, మళ్ళీ రీయూనియన్. మా భాషలో చెప్పాలంటే రోల్‌బ్యాక్ మీద రోల్‌బ్యాక్. ప్రొడక్షన్‌లో ఉన్న మనుషుల్ని మాత్రం ఎవరూ అడగలేదు.

రీయూనియన్ అంటే కలయిక. 1792 ఆగస్టు 10న పారిస్‌లో రాజభవనం మీదికి మార్సెయ్ వాలంటీర్లు, నేషనల్ గార్డులు కలిసి వెళ్ళారు కదా, ఆ కలయిక గుర్తుగా పెట్టారని చెబుతారు. పేరులో విప్లవం ఉంది, పొలాల్లో బానిసలున్నారు. 1794లో పారిస్ బానిసత్వాన్ని రద్దు చేస్తే దీవిలోని భూస్వాములు ఆ చట్టాన్ని అమలు కానివ్వలేదు. అది నిజంగా పోయింది 1848 డిసెంబరు 20న. అప్పుడు విడుదలైనవాళ్ళు 60 వేల పైమాటే.

ఈ పేర్లన్నీ తీరం దగ్గరే ఆగిపోయాయి. ఊళ్ళకి సెయింట్ల పేర్లు: సెయింట్ డెనిస్, సెయింట్ పాల్, సెయింట్ పియర్. లోపలికి వెళ్తే 3,000 మీటర్లు దాటిన పితోన్ దె నేజ్ శిఖరం, దాని చుట్టూ నిట్టనిలువు గోడల మధ్య గిన్నెల్లాంటి మూడు లోయలు. వాటి పేర్లు సిలావోస్, సలాజీ, మఫాత్. మూడూ మలగాసీ మాటల నుంచి వచ్చినవే అంటారు. తోటల నుంచి పారిపోయిన బానిసలు అక్కడ దాక్కున్నారు. మఫాత్ వాళ్ళ నాయకుల్లో ఒకడి పేరు. 1751లో అతన్ని చంపిన వేటగాడు ఫ్రాన్స్వా ముసార్ పేరు కూడా ఆ కొండల్లోనే ఒక గుహకి మిగిలింది. నాకైతే గుహ వాటా కూడా ఎక్కువే అనిపిస్తుంది. మఫాత్‌కి ఈనాటికీ రోడ్డు లేదు. నడవాలి, లేదా హెలికాప్టర్ ఎక్కాలి.

మనుషుల పేర్ల సంగతి వేరు. 1820ల చివర్లో అప్పటి ఫ్రెంచి యానాం నుంచి తెలుగు కూలీలు ఈ దీవికి ఓడెక్కారు. బానిసత్వం పోయాక చెరకు తోటలకి చేతులు కావాల్సి వచ్చి, 1860లో బ్రిటిష్‌వాళ్ళతో ఒప్పందం కుదిరింది. 1882లో ఆపేసేదాకా వేలమంది వెళ్ళారు, ఎక్కువమంది తమిళులు. వాళ్ళందరినీ అక్కడ పిలిచే మాట ఒక్కటే: మల్బార్. అంటే మలబారువాళ్ళు! గోదావరి పాయ పక్కన పుట్టినవాడికి పడమటి తీరం పేరు. తర్వాత వ్యాపారానికొచ్చిన గుజరాతీ ముస్లింలేమో జరాబ్‌లు, అంటే అరబ్బులు.

దీవి పేరు తప్పనిపించినప్పుడల్లా పాలకులు దాన్ని మార్చేశారు. ఈ పేర్లకి ఎవరూ డిక్రీ రాయలేదు. ఇప్పుడు ఆ మనుమలూ మునిమనుమలూ తమని తాము మల్బార్ అనే చెప్పుకుంటారు.