18 అంగుళాలా, 16 అంగుళాలా: అమెరికాలో ఇంటి తుపాకీకి ఆ కొలత ఎక్కడిది?

ఈ ఎపిసోడ్ డాలస్‌లో, అట్లాంటాలో, న్యూజెర్సీలో ఉన్న మనవాళ్ల కోసం. వాళ్ల గురించి ఇక్కడ కంగారుపడే అమ్మానాన్నలు చూసినా మంచిదే. నాతో బీటెక్ చదివినవాళ్లలో చాలామంది అక్కడే ఉన్నారు. ఇల్లు కొన్న కొత్తలో వాళ్ల దగ్గర్నుంచి నాకు ఒకటే మెసేజ్ వస్తుంది: "అరేయ్, నువ్వు హిస్టరీ వీడియోలు చేస్తావు కదా, పొట్టి షాట్‌గన్ తీసుకోవాలా, కార్బైన్ తీసుకోవాలా?"

ఆ భయం ఊరికే వచ్చింది కాదు. మన ఇళ్లలో బంగారం ఉంటుందని తెలిసి, దక్షిణాసియా కుటుంబాలనే వెతికి వెతికి దోచుకున్న ముఠా మీద అమెరికా ఫెడరల్ కోర్టులో కేసు నడిచింది, శిక్షలు పడ్డాయి. సరే, ప్రశ్నకి వద్దాం.

అక్కడి గన్ షాపులో ఇంటి రక్షణ కోసమని చూపించే షాట్‌గన్‌కి బ్యారెల్ సాధారణంగా పద్దెనిమిదిన్నర అంగుళాలు ఉంటుంది. కార్బైన్ అయితే 16 అంగుళాలు. పద్దెనిమిదిన్నర ఎందుకు, 16 ఎందుకు? ఈ నంబర్ల వెనక పెద్ద కథే ఉంది. ఆ కథ తెలిస్తే పై ప్రశ్న కొంచెం వేరేగా కనిపిస్తుంది.

ముందు షాట్‌గన్. మనకి తెలిసిన షాట్‌గన్ ఏది? బ్యాంకు గేటు దగ్గర సెక్యూరిటీ అంకుల్ భుజానికి వేలాడే డబుల్ బ్యారెల్. 19వ శతాబ్దపు అమెరికాలోనూ దాదాపు అదే సీన్. వెల్స్ ఫార్గో కంపెనీ గుర్రపు బండ్లలో బంగారం పెట్టె వెళ్తుంటే, బండివాడి పక్కన ఒక కాపలాదారు పొట్టి డబుల్ బ్యారెల్ పట్టుకుని కూర్చునేవాడు. కారులో ముందు సీట్లో కూర్చోవడాన్ని అమెరికన్లు ఇప్పటికీ 'షాట్‌గన్' అంటారు, అది అక్కడి నుంచి వచ్చిన మాటే. తర్వాత జాన్ బ్రౌనింగ్ డిజైన్ చేసిన వించెస్టర్ 1897 వచ్చింది. ముందు పిడిని వెనక్కి ముందుకి లాగితే తూటా మారుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో 20 అంగుళాల బ్యారెల్‌తో దాన్ని కందకాల్లోకి తీసుకెళ్లారు. 1918 సెప్టెంబర్‌లో జర్మనీ అధికారికంగా అభ్యంతరం చెప్పింది: ఈ తుపాకీతో గానీ, దాని తూటాలతో గానీ దొరికిన ఖైదీకి మరణశిక్షే అని. విషవాయువు వాడిన దేశం షాట్‌గన్ అమానుషం అంటోంది! అమెరికా ఒప్పుకోలేదు. మా ఖైదీల్ని ముట్టుకుంటే మేమూ అంతే చేస్తామని జవాబిచ్చింది.

కార్బైన్ కథ గుర్రం మీద మొదలైంది. గుర్రం మీద పొడవు తుపాకీ తిప్పడం కష్టం కాబట్టి అశ్వదళానికి పొట్టిది ఇచ్చారు. ఆధునిక కార్బైన్ అంటే మాత్రం 1941లో అమెరికా సైన్యం ఎంచుకున్న ఎం1. అది ముందు వరసలో పోరాడేవాడి కోసం తయారు చేసింది కాదు. డ్రైవర్లు, రేడియో ఆపరేటర్లు, మోర్టార్ మోసేవాళ్ల కోసం. పిస్టల్‌తో గురి కుదరదు, నాలుగు కిలోలు దాటిన గరాండ్ రైఫిల్ మోస్తూ వాళ్ల పని వాళ్లు చేసుకోలేరు. ఎం1 బరువు రెండున్నర కిలోల లోపే. 60 లక్షలకు పైగా తయారయ్యాయి. అందులో వాడిన పిస్టన్ పద్ధతి డేవిడ్ మార్షల్ విలియమ్స్‌ది. ఆయన ఒక డిప్యూటీ షెరీఫ్ హత్య కేసులో జైల్లో ఉండగానే తుపాకీ డిజైన్లు మొదలుపెట్టాడు. హాలీవుడ్ ఆయన మీద సినిమా కూడా తీసింది. మనవాళ్లు తీసుంటే రెండు పార్టులు అయ్యేది, వదిలేయండి.

చూశారా, ఒకటి బండి కాపలాకి, ఇంకొకటి లారీ డ్రైవర్‌కి. ఇంటి సంగతి ఇంకా రాలేదు.

ఇప్పుడు 1934. మద్యనిషేధం అప్పుడే ముగిసింది, గ్యాంగ్‌స్టర్ల కాల్పులతో జనం విసిగిపోయారు. రూజ్‌వెల్ట్ ప్రభుత్వం నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ తెచ్చింది. ముసాయిదాలో మెషిన్ గన్‌లతో పాటు పిస్టల్, రివాల్వర్ కూడా ఉన్నాయి. చివరికి చట్టం కిందికి వచ్చిన ఆయుధాలకి రిజిస్ట్రేషన్, 200 డాలర్ల పన్ను. ఇప్పటి లెక్కలో అది నాలుగు వేల డాలర్ల పైమాటే. మరి పిస్టల్‌ని కట్టడి చేస్తే జనం ఏం చేస్తారు? షాట్‌గన్ గొట్టం కోసి కోటు లోపల పెట్టుకుంటారు. ఆ దొడ్డిదారి మూయడానికి, 18 అంగుళాల కంటే తక్కువ బ్యారెల్ ఉన్న షాట్‌గన్, రైఫిల్ కూడా ఈ చట్టం కిందికే వస్తాయన్నారు. తర్వాత వ్యతిరేకత వచ్చి పిస్టల్, రివాల్వర్లని బిల్లులోంచి తీసేశారు. దొడ్డిదారి మూసిన క్లాజు మాత్రం అలాగే ఉండిపోయింది!

నేను కోడ్ రాసే రోజుల్లో ఇలాంటివి ఎన్ని చూశానో. ఫీచర్ తీసేస్తారు, దాని కోసం రాసిన కండిషన్ మాత్రం కోడ్‌లో ఉండిపోతుంది. పదేళ్ల తర్వాత అదెందుకుందో ఎవరికీ తెలియదు, ముట్టుకోవడానికి ధైర్యం చాలదు. 1960లో రైఫిల్‌కి మాత్రం ఆ హద్దుని 16 అంగుళాలకి తగ్గించారు. ఎం1 కార్బైన్ బ్యారెల్ దాదాపు 18 అంగుళాలే, అంటే సరిగ్గా గీత మీద ఉన్నట్టు. షాట్‌గన్‌కి పాత 18 అలాగే మిగిలింది. అమ్మేవాళ్లు ఎందుకొచ్చిన గొడవ అని అర అంగుళం కలిపి పద్దెనిమిదిన్నర పెట్టారు.

ఆ గీత దాటితే ఏమవుతుందో రెండు కేసులు చూడండి. 1938లో జాక్ మిల్లర్, ఫ్రాంక్ లేటన్ అనే ఇద్దరు రిజిస్టర్ చేయని పొట్టి షాట్‌గన్‌తో ఓక్లహోమా నుంచి ఆర్కన్సా వెళ్తూ దొరికారు. కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. మిల్లర్ తరఫున ఎవరూ వాదించలేదు. 1939 మేలో, ఇలాంటి తుపాకీకి రాజ్యాంగ రక్షణ ఉందనడానికి ఆధారం కనిపించడం లేదని తీర్పొచ్చింది. అప్పటికే మిల్లర్ హత్యకు గురయ్యాడు.

రెండోది బరువైన కథ. ఐడహోలో రాండీ వీవర్. జాతి వేర్పాటువాద భావాలున్న మనిషి. 1989లో ప్రభుత్వ ఇన్‌ఫార్మర్‌కి గొట్టం కోసిన షాట్‌గన్లు రెండు అమ్మాడని కేసు పెట్టారు. కోర్టు తేదీ ఫిబ్రవరి 20, 1991. ఆయనకి వెళ్లిన ఉత్తరంలో మార్చి 20 అని పడింది. ఆయన రాలేదు, వారెంట్ వచ్చింది. 1992 ఆగస్టులో రూబీ రిడ్జ్ అనే కొండ మీద ఆయన ఇంటి చుట్టూ 11 రోజుల ముట్టడి. డిప్యూటీ మార్షల్ విలియం డీగన్, 14 ఏళ్ల కొడుకు శామీ, భార్య విక్కీ చనిపోయారు. 1993లో జ్యూరీ ఆ షాట్‌గన్ల కేసులో వీవర్ నిర్దోషి అంది! కోర్టుకి రానందుకు మాత్రం శిక్ష వేశారు. నాకు వీవర్ మీద జాలి లేదు. ఆ పిల్లాడి గురించి చదివినప్పుడు మాత్రం కాసేపు ల్యాప్‌టాప్ మూసేశాను.

పోలీసులు కార్బైన్ వైపు ఎందుకు వెళ్లారో కూడా చెప్పాలి, ఎందుకంటే ఇళ్లలోకి ఆ ఫ్యాషన్ కొంత అటు నుంచే వచ్చింది. 1986లో మయామీలో ఒక దొంగ దగ్గరున్న మినీ-14 రైఫిల్‌కి ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు బలయ్యారు. చెయ్యి నుజ్జయిన ఇంకో ఏజెంట్ ఒంటి చేత్తో షాట్‌గన్ పంపు లాగుతూ కాల్చాడు. 1997లో నార్త్ హాలీవుడ్ బ్యాంకు దోపిడీలో ఒళ్లంతా కవచం వేసుకున్న ఇద్దరి మీద పోలీసుల పిస్టళ్లు, షాట్‌గన్లు పని చేయక, దగ్గర్లోని గన్ షాపు నుంచి రైఫిళ్లు తెచ్చుకున్నారు. ఆ తర్వాత పెట్రోల్ కార్లలో షాట్‌గన్ పక్కన, చాలాచోట్ల దాని బదులు, కార్బైన్ చేరింది.

ఇక ఇంట్లో. సినిమాల్లో చూపించినట్టు షాట్‌గన్ పేలిస్తే గది మొత్తం తగలదు. నాలుగైదు గజాల్లో పెల్లెట్లు అరచేయంత వెడల్పే విచ్చుకుంటాయి, కాబట్టి గురి పెట్టాల్సిందే. 12 బోర్ భుజాన్ని గట్టిగా తంతుంది, తూటాలూ తక్కువే పడతాయి. కార్బైన్ తన్నుడు తక్కువ, అలవాటు లేనివాళ్లకి కూడా సులువు. రెండిట్లో ఒకటే అంటే నేను కార్బైన్ అంటాను. కానీ గోడ సంగతి మర్చిపోకండి. అక్కడి లోపలి గోడలు మన ఇటుక గోడలు కావు, చెక్క ఫ్రేముకి కొట్టిన జిప్సం బోర్డు. పెద్ద పెల్లెట్లయినా, రైఫిల్ బుల్లెట్ అయినా దాన్ని దాటుకుని పక్క గదిలోకి వెళ్తాయి. పక్క గదిలో మన పిల్లలు పడుకుని ఉంటారు.

తలుపు సంగతి ఇంకా ముఖ్యం. 2013 ఫిబ్రవరిలో అప్పటి వైస్ ప్రెసిడెంట్ జో బైడెన్, ఇంటి రక్షణకి ఏఆర్-15 ఎందుకు, షాట్‌గన్ కొనుక్కోండి అని సలహా ఇచ్చాడు. అదే ఏడాది నవంబర్‌లో మిషిగన్‌లో రెనీషా మెక్‌బ్రైడ్ అనే 19 ఏళ్ల నల్లజాతి అమ్మాయి, కారు యాక్సిడెంట్ అయిన కొన్ని గంటలకి, తెల్లవారుజామున ఒక ఇంటి తలుపు కొట్టింది. ఇంటాయన భయపడి లోపలి నుంచే షాట్‌గన్ పేల్చాడు. ఆ అమ్మాయి దగ్గర ఆయుధం లేదు. ఆత్మరక్షణ వాదన నిలబడలేదు, 2014లో సెకండ్ డిగ్రీ మర్డర్ కింద శిక్ష పడింది.

చివరిగా, మనవాళ్లు అసలు అడగని విషయం. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడమే 1998 నుంచి ఫెడరల్ నేరం. పద్దెనిమిదిన్నర అయినా, 16 అయినా అంతే. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. గ్రీన్ కార్డు ఉంటే ఈ నిషేధం వర్తించదు. 2026 జనవరి నుంచి పొట్టి షాట్‌గన్, పొట్టి రైఫిల్ మీద ఆ 200 డాలర్ల పన్నుని సున్నా చేశారు, దాంతో అంతా ఫ్రీ అనుకుంటున్నారు కొందరు. పన్నే పోయింది, రిజిస్ట్రేషన్ అలాగే ఉంది, వీసా రూల్ కూడా అలాగే ఉంది. కొనేముందు షాపువాడిని కాదు, ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి.