కుదురెముఖ గనుల మూసివేత: తుంగభద్ర నీళ్లు తాగే మనవాళ్లకోసం

కర్ణాటకలో చిక్కమగళూరు వైపు పడమటి కనుమల మీద ఉన్న కుదురెముఖ జాతీయ ఉద్యానవనంలో ఇనుప ఖనిజం తవ్వకం 2005 డిసెంబరు 31తో ఆగింది. కన్నడంలో కుదురె అంటే గుర్రం. శిఖరం గుర్రం మొహంలా కనబడుతుందని ఆ పేరు.

ఆ కొండల్లోనే గంగమూల వద్ద తుంగ, భద్ర, నేత్రావతి పుడతాయి. మొదటి రెండూ కూడలి వద్ద కలిసి తుంగభద్ర అవుతాయి. హోసపేట డ్యాము కాలువల కింద సిరుగుప్ప, గంగావతి, సింధనూరు క్యాంపుల్లో వరి వేసే మన కుటుంబాలకు ఇది పరాయి ఊరి గొడవ కాదు.

తవ్వింది దొంగచాటు ముఠా కాదు, 1976లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ కంపెనీ. ఇరాన్ పెట్టుబడి పెడతామంది. అక్కడ విప్లవం వచ్చి ఆ డబ్బు ఆగినా పని ఆగలేదు. ఖనిజపు పొడిని నీళ్లలో కలిపి గొట్టంలో మంగళూరు రేవుకు పంపేవారు. మిగిలిన మడ్డిని లక్యా డ్యాము వెనక నింపేవారు. ఓపెన్‌కాస్ట్ గనులున్న చోట్ల ఇంత వాన పడేవి ప్రపంచంలోనే తక్కువ. ఆ వానకు తవ్విన మట్టి కొట్టుకొచ్చి భద్రలో పడేది. సింహపు తోక కోతులు, అడవిదున్నలు తిరిగే అడవి అది.

1987లో సుమారు 600 చదరపు కిలోమీటర్లను జాతీయ ఉద్యానవనంగా ప్రకటించినా తవ్వకం సాగింది. 30 ఏళ్ల లీజు 1999 జులైలో తీరాక తాత్కాలిక అనుమతులతో నడిపారు. ఆఫీసుల్లో ఫైళ్లు మోసిన మాకు తెలుసు, ‘తాత్కాలికం’ అనే మాట ఎన్నేళ్లు బతుకుతుందో!

రిటైరైన అటవీ అధికారి కె.ఎం. చిన్నప్ప సుప్రీంకోర్టుకు వెళ్లారు. గోదావర్మన్ కేసులో భాగంగా 2002 అక్టోబరు 30న తీర్పు వచ్చింది. అప్పటికే తవ్విన చోట మిగిలిన మెత్తని ఖనిజం తీసుకోవడానికి 2005 చివరిదాకా గడువిచ్చి, ఆపైన మూసేయమన్నారు. గని మీద బతికిన ఊరు దాదాపు ఖాళీ అయింది. ఆ కార్మికుల కష్టం మేము కాదనం. కానీ లీజు తీరేనాటికే వాళ్లకు దారి చూపవలసింది కంపెనీ, ప్రభుత్వమూ.

అదే కంపెనీకి తర్వాత మన బళ్లారి జిల్లాలోనే, సండూరు తాలూకా దేవదారి కొండల్లో గని కేటాయించారు. కుదురెముఖ నష్టానికి కట్టవలసిన సొమ్ము కట్టేదాకా అక్కడి అటవీ భూమి అప్పగించవద్దని కర్ణాటక అటవీ మంత్రి 2024 జూన్‌లో ఆదేశించారు.